పుస్తకాల ఖర్చు తేలేది సెక్షన్ ఎంచుకునే రోజే

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటున్నాం. అమ్మాయి ఆగస్టులో కమ్యూనిటీ కాలేజీలో చేరుతోంది. నాలుగు సబ్జెక్టుల పుస్తకాలకే 480 డాలర్లు అవుతుందట. ఉచిత పుస్తకాలున్నాయని తెలిసింది. నమ్మవచ్చా?

జవాబు: నిస్సందేహంగా నమ్మవచ్చు. ఊరికే వచ్చినదాన్ని అనుమానించే బుద్ధి మన ఇళ్లలో కొంచెం ఎక్కువే కానీ, ఇక్కడ దాని అవసరం లేదు. మీ రాష్ట్రంలోనే, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ 2012 నుంచి ఓపెన్‌స్టాక్స్ పేరుతో కాలేజీ పుస్తకాలను ఉచితంగా ఇస్తోంది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీకి తప్పనిసరైన అమెరికా చరిత్ర, గవర్నమెంటు సబ్జెక్టులకూ ఆ పుస్తకాలున్నాయి. పీడీఎఫ్ దింపుకుంటే సెమిస్టర్ అయిపోయినా మీ దగ్గరే ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. ఏ పుస్తకం వాడాలో నిర్ణయించేది ప్రొఫెసరు. ఆయన హోంవర్కును ప్రచురణ సంస్థ వెబ్‌సైటులో పెడితే యాక్సెస్ కోడ్ (ఆ సైటులోకి వెళ్లనిచ్చే, ఒక్కరికే పనికొచ్చే సంకేతం) కొనక తప్పదు. పాత పుస్తకమైతే సీనియర్ల దగ్గర సగం ధరకు తీసుకోవచ్చు, వాడేసిన కోడ్ ఎవరికీ పనికిరాదు. అందుకే సెక్షన్, అంటే ఒకే సబ్జెక్టుకు వేర్వేరు టైముల్లో, వేర్వేరు ప్రొఫెసర్లతో నడిచే క్లాసుల్లో ఒకటి, ఎంచుకునేటప్పుడే చూడాలి. పూర్తిగా ఓపెన్ పుస్తకాలతో, అంటే ఓపెన్‌స్టాక్స్ లాంటి ఉచిత పుస్తకాలతో, నడిచే క్లాసులేవో విద్యార్థులకు కనిపించేలా చూపాలని 2017లో టెక్సస్ చట్టం చేసింది. ఒకే సబ్జెక్టుకు రెండు సెక్షన్లుంటే, టైమింగ్ కాస్త ఇబ్బందైనా నేనైతే ఓపెన్ పుస్తకాలతో నడిచేదాన్నే తీసుకోమంటాను.

ఫీజు బిల్లు కూడా ఒకసారి చదవండి. కొన్ని కాలేజీలు పుస్తకాల ఖర్చును అందులోనే కలిపేస్తాయి. వద్దనుకుంటే గడువులోగా చెప్పాలి.

ఇక పన్ను సంగతి. అమెరికన్ ఆపర్చునిటీ ట్యాక్స్ క్రెడిట్ (కాలేజీ చదువు ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) కింద, ఏడాదిలో ఫీజుకూ కోర్సు పుస్తకాలకూ పెట్టిన మొదటి 2,000 డాలర్లకు అంతే క్రెడిట్ వస్తుంది, తర్వాతి 2,000కు నాలుగో వంతు. ఫీజే 2,000 దాటి, పుస్తకాలతో కలిపి 4,000 మించకపోతే పుస్తకాల మీద తిరిగి వచ్చేది పావు వంతే కాబట్టి, ఉచిత పుస్తకంతో నిజంగా మిగిలేది ముప్పావు వంతు. దంపతులిద్దరి ఆదాయం కలిపి 1,60,000 డాలర్లు దాటితే క్రెడిట్ తగ్గుతూ, 1,80,000 దగ్గర పూర్తిగా పోతుంది. ఇద్దరూ ఐటీలో ఉంటే దాని మీద ఆశ పెట్టుకోకండి. అప్పుడు మిగిలిన ప్రతి డాలరూ మీదే. చదువు కోసం దాచుకునే 529 ఖాతాలోంచి కట్టిన ఖర్చును మాత్రం ఈ క్రెడిట్‌లో మళ్లీ చూపకూడదు.

ఆ 480 డాలర్లు ఇప్పుడే కట్టేయకండి. మొదటి వారం సిలబస్ కాగితం చేతికి వచ్చాక, ఏది తప్పనిసరో ప్రొఫెసరునే అడగమనండి.