కాకినాడ హోప్ ఐలాండ్ దగ్గర హైడ్రోఫోన్ (నీళ్లలో శబ్దాలు పట్టే మైకు) దించితే చిటపటలే తప్ప డాల్ఫిన్ వినపడలేదు, ఎలా గుర్తుపట్టాలి?

ముందు ఆ చిటపటలే బాగా వినండి. ఒక డెక్క పెద్దగా ఉండే చిన్న రొయ్యలు దాన్ని టప్పున మూసినప్పుడు నీళ్లలో బుడగ పుట్టి పగిలే చప్పుడది. తాలింపులో ఆవాలు పేలినట్టు రాత్రీ పగలూ సాగుతుంది. పొద్దుగూకాక గొరక చేపల గుంపులు బొంగురుగా అరుస్తాయి. ఇవి చెవికి అలవాటైతే, వీటిలో కలవని శబ్దం దానంతటదే తెలుస్తుంది. నేనూ భైరవపాలెం వైపు తిరుగుతూ అలాగే నేర్చుకున్నాను.

మన నదీ మొగల్లో తిరిగే హంప్‌బ్యాక్ డాల్ఫిన్ ఈల తేలిగ్గానే దొరుకుతుంది. సన్నగా లేచి, వంగి, చటుక్కున ఆగిపోతుంది. కష్టమల్లా టిక్కులతోనే, అంటే చేపని వెతుక్కోడానికి డాల్ఫిన్ చేసే టక్ టక్ చప్పుళ్లతోనే. రొయ్య చప్పుడుకి వరుస ఉండదు. డాల్ఫిన్ టిక్కులు వరుసగా వస్తాయి. చేపని సమీపించేకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతూ తగ్గుతూ, చివరికి విడివిడిగా వినపడక కిర్రుమని ఒకటే ధార అయిపోతుంది. అది విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చెవిని మాత్రమే నమ్ముకోకండి. శబ్దాల్ని చూసే, కత్తిరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. అందులో స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపేది) తెరిస్తే ఈల వంపు గీతలా, టిక్కులు నిలువు గీతల్లా, ఇంజను మోత అడుగున అడ్డగీతల్లా కనిపిస్తాయి. పోల్చుకోడానికి అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ వాట్కిన్స్ ఆర్కైవ్‌లో రికార్డింగులు ఊరికే దొరుకుతాయి.

రికార్డర్ శాంపుల్ రేటు 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటే, అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ లోపు శబ్దాలే పడతాయి. డాల్ఫిన్ టిక్కుల్లో మనకి అందేది కింది కొస మాత్రమే. డాల్ఫిన్‌కి చుట్టమైన, వీపు రెక్క లేని ఫిన్‌లెస్ పార్పాయిస్ అయితే ఈలే వెయ్యదు, దాని టిక్కుల బలమంతా 100 కిలోహెర్ట్జ్ పైనే. అందుకని ఏమీ వినపడలేదు కాబట్టి ఏమీ లేవని రాసుకోవద్దు.

పోటు తిరిగే వేళ, నీటి లాగుడు తగ్గినప్పుడు దించండి. లేకపోతే వైరు గుయ్యిమంటూనే ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజను బోట్లు ఒడ్డునే ఉంటాయి. తెడ్డు నావ దొరికితే నేర్చుకోడానికి అంతకంటే మంచి కాలం లేదు. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది, ఎటునుంచి వచ్చిందో మన చెవులు చెప్పలేవు. కాబట్టి పక్కన ఒకరు నీళ్ల మీద కన్నేసి, వీపు రెక్క తేలిన టైము రాయాలి.

కోరింగ అభయారణ్యంలోకి వెళ్లేట్టయితే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. డాల్ఫిన్లు కనపడితే మాత్రం, మీది ఇంజను పడవైతే ఇంజను ఆపేయండి. దయచేసి వాటి వెంట పడొద్దు.