హైదరాబాద్‌లో 3 రోజులు, ఇద్దరు చిన్నపిల్లలతో

అక్కా, మూడేళ్ల పాప, ఆరేళ్ల బాబుతో 3 రోజుల్లో 12 చోట్లు చూడాలని రాశారు. సగం తీసేయండి, పిల్లలు తట్టుకోలేరు. జూపార్కుకు ఒక పూట పూర్తిగా ఉంచండి. పొద్దున్నే వెళ్తే ఎండ ముదరదు, లోపల బ్యాటరీ బండి ఉంటుంది. జూకి సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అది చూసుకునే టికెట్లు బుక్ చేసుకోండి. మ్యూజియంలో అన్ని గదులూ తిప్పొద్దు. మధ్యాహ్నం 12కు కాస్త ముందే సంగీత గడియారం దగ్గర కూర్చోండి. బుల్లి బొమ్మ బయటికొచ్చి 12 సార్లు గంట కొడుతుంది. మావాడు ఇంటికొచ్చాక కూడా నెల రోజులు అదే చెప్పాడు! గోల్కొండ మెట్లు పాపను ఎత్తుకుని ఎక్కడం కష్టం, ఈసారికి వదిలేయండి. భోజనమయ్యాక రూముకొచ్చి ఇద్దర్నీ పడుకోబెట్టండి. సాయంత్రం లుంబినీ పార్కులో బోటు చాలు.