దెయ్యాలను ఆపే నీలం

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చార్ల్‌స్టన్ దగ్గర పాత ఇల్లు కొన్నాడు. వరండా పైకప్పుకు లేత నీలం రంగు ఉంది. తెల్ల రంగు వేయిద్దామంటే పక్కింటావిడ ‘వద్దు, దెయ్యాలు లోపలికి వస్తాయి’ అన్నారు. వేళాకోళమా, నిజంగా నమ్ముతారా? — ఒక పాఠకురాలు

జవాబు: సగం వేళాకోళమే అయి ఉంటుందమ్మా. ఆ రంగు పేరు ‘హెయింట్ బ్లూ’. హెయింట్ అంటే అక్కడివాళ్ల నోట దెయ్యం. దక్షిణ కెరొలినా, జార్జియా తీరంలోని గల్లా గీచీ ప్రజల నమ్మకం ఇది. వాళ్ల పూర్వులను ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చారు. దెయ్యం నీళ్లు దాటలేదట. నీలం చూసి నీరనుకుని గుమ్మంలోనే ఆగిపోతుందట. కాదు, ఆకాశమనుకుని పైకెగిరిపోతుందని ఇంకొందరంటారు. ఎలా చూసినా బొత్తిగా అమాయకపు దెయ్యం!

జార్జియాలోని సవానా ఊరు వెళ్లినప్పుడు ఓవెన్స్-థామస్ అనే పాత బంగళా వెనుక బానిసల గదులు చూశాను. పైకప్పు దూలాలకు ఆ పాత నీలం ఇంకా అంటుకునే ఉంది. మెడ పట్టేసేదాకా తలెత్తి చూస్తూ నిలబడ్డాను. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపిన పూత అది.

ఆ నీలిమందు కథ వేరే. 1740లలో ఎలైజా లూకస్ అనే యువతి దక్షిణ కెరొలినాలోని తండ్రి తోటల్లో నీలి సాగును నిలబెట్టింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటికి ఆ ఒక్క కాలనీ నుంచే ఏడాదికి 10 లక్షల పౌండ్ల బరువుకు పైగా నీలిమందు ఓడలెక్కేది. కోసిన ఆకును తొట్లలో కుళ్లబెట్టి, ఆ నీటిని గాలి తగిలేలా గంటల తరబడి చిలికితేనే నీలం విడుతుంది. కంపు, ఈగలు సరేసరి. చిలికింది బానిసలు, సొమ్ము దొరలది. తొట్టి అడుగున మిగిలిన మడ్డే వీళ్ల తలుపులకూ కిటికీలకూ కాపలా అయింది.

నీలం ఉంటే కందిరీగలు గూడు కట్టవని కూడా చెబుతారు. పాత పూతలోని సున్నం వల్ల కొంత నిజం కావచ్చు. ఇప్పటి డబ్బా రంగుల్లో సున్నమే ఉండదు, కాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి.

తెల్ల రంగు వేయించినా కొంపలేమీ మునగవు. కాకపోతే పక్కింటావిడతో రోజూ మాట్లాడవలసింది మీ అబ్బాయి, నేను కాదు.