వైశాఖం రిసెప్షన్‌కి బిస్కెట్ రంగు ఉన్ని సూటు: 220 గ్రాముల బట్టా, 280 గ్రాముల బట్టా?

మీరు అడిగింది ఇదండి: వైశాఖంలో తమ్ముడి పెళ్ళి, అమలాపురం దగ్గర కొబ్బరితోటలో సాయంత్రం రిసెప్షన్. రాజమండ్రిలో రెండు టాన్ రంగు ఉన్ని బట్టలు చూపించారు. ఒకటి మీటరుకి 220 గ్రాముల సూపర్ 130 (చాలా సన్నటి ఉన్ని పోగుతో చేసిన రకం), పట్టులా జారుతోంది. రెండోది 280 గ్రాములు, సాదా నేత, చేతికి కాస్త గరుకు. టైలరేమో బక్రం (కోటు బిగువుగా నిలబడడానికి లోపల వేసే గట్టి గుడ్డ) అంటించి ఫుల్ లైనింగ్ వేస్తే తప్ప సూటు నిలబడదన్నారు.

280 గ్రాములదే తీసుకోండి. టైలరు మాట మాత్రం వినకండి.

పలచగా ఉంటే చల్లగా ఉంటుందన్న లెక్క చొక్కాకి, పంచెకి సరిపోతుంది. సూటుకి, అందులోనూ మన డెల్టాలో, సరిపోదు. పొడి ఎండ కాసే ఊళ్ళో చెమట దానంతటదే ఆరిపోతుంది. కోనసీమలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి, ఒంటి మీద గాలి ఆడితే తప్ప చెమట ఆరదు. అందుకని చూడాల్సింది బట్ట బరువు కాదు, పోగుకీ పోగుకీ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నది. సూపర్ 130 లాంటి మెత్తటి బట్టల్ని చాలావరకు సన్నటి దారంతో ఒత్తుగా, ట్విల్ నేతలో (ఏటవాలు గీతలు కనిపించే నేత) నేస్తారు. బరువు తక్కువే గానీ గాలికి దారి ఉండదు. రెండోది రెండు పోగుల దారానికి పురి బాగా ఎక్కించి, సాదా నేతలో వదులుగా నేసింది. కొబ్బరి పీచు తాడుకి పురి ఎక్కేకొద్దీ ఎలా బిగుసుకుని సన్నబడుతుందో, నలిపి వదిలితే ఎలా మళ్ళీ నిటారుగా లేస్తుందో, ఈ దారమూ అంతే. దారం సన్నబడ్డ చోటంతా గాలికి కిటికీ అవుతుంది. సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలి చొక్కా దాకా తగులుతుంది. ఆ గరుకుతనం పురి వల్ల వచ్చిందే, లోపం కాదు.

సూపర్ తర్వాత వచ్చే అంకె ఉన్ని పోగు ఎంత సన్నమో చెబుతుంది, అంతే. సూపర్ 100 అంటే సుమారు 18.75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 130 అంటే సుమారు 17.25. అంకె పెరిగేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది, గట్టితనం తగ్గుతుంది, ముడత తొందరగా పడుతుంది. రావులపాలెం మీదుగా కార్లో కూర్చుని వచ్చి దిగేసరికి మోకాళ్ళ వెనక పడిన ముడతలు ఆ రాత్రికి పోవు. వేసవి సూటుకి సూపర్ 100, 110 చాలు.

బరువు అడిగేటప్పుడు ఒక తికమక ఉంది. కొందరు మీటరు పొడవుకి గ్రాములు చెబుతారు, కొందరు చదరపు మీటరుకి చెబుతారు. బట్ట పన్నా 150 సెంటీమీటర్లు కాబట్టి, చదరపు మీటరుకి 180 గ్రాములన్నది మీటరు పొడవుకి 270 గ్రాములవుతుంది. గజం పొడవుకి ఔన్సుల్లో చెబితే 31తో హెచ్చవేయండి: గజానికి 9 ఔన్సులంటే మీటరుకి దాదాపు 280 గ్రాములు. నమ్మకం కుదరకపోతే సరిగ్గా 10 సెంటీమీటర్ల చదరపు ముక్క అడిగి తీసుకుని, తెలిసిన బంగారు కొట్టు కాటాలో తూయించండి. 1.8 గ్రాములు తూగితే అది 270 గ్రాముల బట్ట. మన వేసవికి మీటరుకి 260 నుంచి 290 మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే ప్యాంటు నిలువుగా వేలాడదు, గాలికి కాళ్ళకి చుట్టుకుంటుంది.

షాపులో నాలుగు పరీక్షలు చేయండి. బట్టని గుప్పిట్లో పది సెకన్లు గట్టిగా నలిపి వదలండి. అర నిమిషంలో ముడత విప్పుకోవాలి. నోటికి ఆనించి ఊదండి. ఊపిరి అవతలి చేతికి తగలాలి. ఒక్క పొర కింద అరచెయ్యి పెట్టి వెలుతురులో చూడండి. వేళ్ళు లీలగా కనిపిస్తే పర్వాలేదు, గోళ్ళు కూడా కనిపిస్తే ప్యాంటుకి పనికిరాదు. చివరగా రెండు బొటనవేళ్ళతో బట్టని పడుగు వైపు, పేక వైపు లాగి చూడండి. పోగులు పక్కకి జరిగి సందు పడితే, కూర్చున్నప్పుడు వెనక కుట్టు దగ్గర కూడా అలాగే విచ్చుకుంటుంది.

అసలు ఉన్నేనా అన్నది ఇంటికొచ్చాక తేల్చుకోవచ్చు. కొస నుంచి నాలుగు దారాలు లాగి మంటకి చూపండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి నల్లటి గట్టి పూసలా గడ్డకడుతుంది. మన షాపుల్లో ‘ఉలెన్ సూటింగ్’ అని చూపించేదాంట్లో టెర్రీవూల్ (ఉన్ని, పాలిస్టర్ కలిపిన బట్ట) చాలా ఉంటుంది. అది చెడ్డ బట్టేం కాదు, రోజూ ఆఫీసుకి వేసుకోవడానికి మన్నుతుంది కూడా. కానీ ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు, పాలిస్టర్‌కి ఆ గుణం లేదు. బట్ట అంచు మీద నేసిన అక్షరాలు చదవండి. ఉల్‌మార్క్ గుర్తు (ఉన్ని బట్టల మీద వేసే ముద్ర) ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. ‘ఉల్‌మార్క్ బ్లెండ్’ అని రాసి ఉన్న గుర్తుకి సగం ఉన్ని ఉంటే చాలు.

రంగు. ట్యూబులైటు కింద టాన్ రంగు నిర్ణయించకండి. రెండు మీటర్లు విప్పించి గుమ్మం దగ్గరికి, వీలైతే ఎండలోకి తీసుకెళ్ళి చూడండి. లోపల బిస్కెట్ రంగులా ఉన్నది బయట ఆకుపచ్చ జీరతోనో గులాబీ జీరతోనో బయటపడుతుంది. చామనఛాయ వాళ్ళు బట్టని బుగ్గ పక్కన పెట్టి చూసుకోవాలి. ఒంటి రంగులో కలిసిపోతే ఫోటోల్లో మెడ ఎక్కడ ఆగిందో, సూటు ఎక్కడ మొదలైందో తెలియదు. ఎండిన గోదావరి ఇసుకంత లేతగా పోవచ్చు, లేదా తాటిబెల్లం వైపు ముదురుగా పోవచ్చు. పడుగు ఒక ఛాయ, పేక ఇంకో ఛాయ ఉన్న బట్ట దొరికితే వదలకండి. చెమట మరక, పన్నీరు చుక్క అందులో అంతగా కనపడవు. ఒకే రంగు అద్దిన లేత బట్ట మీద నీటి చుక్క ఆరాక కూడా అంచు గీత మిగులుతుంది.

ఎంత కొనాలంటే: 5 అడుగుల 8 అంగుళాల మనిషికి, ఛాతీ 40 అయితే, కోటు ప్యాంటు కలిపి 3.25 మీటర్లు. గళ్ళ బట్టయితే ఇంకో పావు మీటరు కలపండి. డబ్బు వెసులుబాటుంటే 4.5 మీటర్లు తీసుకుని రెండు ప్యాంట్లు కుట్టించండి. ముందు అరిగేది ప్యాంటే, తర్వాత వెతికితే అదే రంగు దొరకదు.

ఇక కుట్టు. మంచి బట్ట పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. బక్రం అంటించడమంటే బట్ట వెనక జిగురు పొర పరచడం. మీరు డబ్బిచ్చి కొన్న గాలి దారుల్ని ఆ జిగురు మూసేస్తుంది. వదులు నేతలో జిగురు పైకి చిమ్మి మచ్చ కూడా పడొచ్చు. చెమట, ఆవిరి ఇస్త్రీ కలిసి కొన్నాళ్ళకి అది ఊడి ఛాతీ మీద బుడగలు లేస్తాయి. లేత రంగులో అవి దూరం నుంచే కనిపిస్తాయి. ఛాతీకి, లాపెల్‌కి (కోటు ముందు మడతకి) కుట్టు కాన్వాస్, అంటే జిగురు లేకుండా కుట్టే గట్టి గుడ్డ, వేయమనండి. హాఫ్ కాన్వాస్ (కోటు పై సగానికే కాన్వాస్) చాలు. ఈ బట్టకి పల్చటి కాన్వాస్, ఒకే పొర షోల్డర్ ప్యాడ్ ఉండాలి. లైనింగ్ వెనక భుజాల వరకు, చేతులకి మాత్రమే, అదీ విస్కోస్‌గానీ కుప్రోగానీ (రెండూ చెమట పీల్చే నున్నటి గుడ్డలే). పాలిస్టర్ లైనింగ్ వేస్తే లోపల ప్లాస్టిక్ సంచి కట్టుకున్నట్టే. హాఫ్ లైనింగ్‌కి లోపలి కుట్లన్నీ బయటికి కనిపిస్తాయి, వాటికి పైపింగ్ (అంచుని చుట్టే సన్నటి పట్టీ) వేయాలి, పని పెరుగుతుంది. టైలర్లు వద్దనేది చాలాసార్లు అందుకే. అదనపు కూలి ముందే మాట్లాడుకుంటే చేస్తారు.

కత్తిరించే ముందు బట్టకి ఆవిరి పట్టించి, చాప మీద పరిచి ఒక రాత్రి ఆరనివ్వాలి. టెర్రీవూల్ అలవాటైన చెయ్యి ఈ పని మర్చిపోతుంది. తర్వాత మొదటి ఇస్త్రీకే ప్యాంటు సెంటీమీటరు పొట్టి అవుతుంది. ముందే ముక్క మీద 25 సెంటీమీటర్ల గీత గీసి ఆవిరి పట్టి మళ్ళీ కొలవండి. 2, 3 మిల్లీమీటర్లు తగ్గిందంటే ఆవిరి తప్పనిసరి. ప్యాంటు అంచులో 4 సెంటీమీటర్లు, వెనక కుట్టులో 3 సెంటీమీటర్లు లోపల ఉంచమనండి. జేబు సంచులు తెల్లవి వద్దు, బట్ట లోంచి కనిపిస్తాయి. బిస్కెట్ రంగు నూలు గుడ్డ మీరే కొనివ్వండి. ప్యాంటు ముందు భాగానికి మోకాలి దాకా లైనింగ్ వేయిస్తే తొడలకి అంటుకోదు. చంక మరీ కిందికి దింపొద్దని ట్రయల్లో చెప్పండి. చంక ఎత్తుగా ఉంటే అక్షింతలు వేయడానికి చెయ్యెత్తినా కోటంతా పైకి లేవదు.

వేసుకున్నాక వెడల్పు హ్యాంగర్‌కి తగిలించి ఒక రోజంతా ఫ్యాను కింద ఉంచండి. ప్రతిసారీ డ్రైక్లీనింగ్‌కి వేయొద్దు. బొగ్గుల పెట్టెతో నేరుగా రుద్దనివ్వకండి, టాన్ రంగు మెరుపెక్కితే తిరిగి పోదు. పైన తడి నూలు గుడ్డ పరిచి నొక్కాలి. వానాకాలానికి ముందు మాత్రం తప్పకుండా శుభ్రం చేయించండి, చెమట ఉన్న చోటే పురుగు ఎక్కువగా కొరుకుతుంది. డ్రైక్లీనింగ్ వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవర్ తీసేసి పాత పంచెతో కుట్టిన సంచిలో వేలాడదీయండి, లేకపోతే బీరువాలో నెమ్ము చేరి బూజు పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు బట్టకి తగలకూడదు.

మిగిలిన ముక్కల్ని టైలరు దగ్గర వదిలేయకండి. ఎక్కడైనా చిన్న చిల్లు పడితే రఫూ చేసేవాళ్ళకి అదే బట్టలోంచి లాగిన దారం కావాలి.