డీవీడీ అట్ట మీద సీసీ (క్లోజ్డ్ క్యాప్షన్స్) గుర్తు ఉన్నా టీవీలో క్యాప్షన్లు ఎందుకు రావు?

డిస్కు పాడైందేమో అని ఒకరు అడిగారు. కాదు. క్యాప్షన్లు (వినపడనివాళ్ల కోసం మాటల్ని, చప్పుళ్లని రాసి చూపే అక్షరాలు), సబ్‌టైటిళ్లు ఒకటి కావు. అమెరికా డీవీడీల్లో సీసీ అక్షరాలు పాత టీవీ సిగ్నల్‌లోని 21వ లైన్‌లో దాగి వస్తాయి. ప్లేయర్‌ని ఇప్పటి టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ ఆ లైన్‌ని మోసుకురాదు. సబ్‌టైటిళ్లు అలా కాదు, బొమ్మలుగా డిస్కులోనే ఉంటాయి, ఏ టీవీలోనైనా వస్తాయి.

విజయనగరంలో మా పెదనాన్నకి వినికిడి తగ్గింది. నటుల పెదాలనే చూస్తూ ముందుకి వంగి కూర్చునేవారు. డిస్కుని ల్యాప్‌టాప్‌లో పెట్టి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ సబ్‌టైటిల్ మెనూలో క్లోజ్డ్ క్యాప్షన్స్ 1 నొక్కితే అక్షరాలొచ్చాయి. మీరూ అలా చూడండి.

తెలుగు సినిమా డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లే ఉంటాయి. డీవీడీలో 32 సబ్‌టైటిల్ ట్రాకులకి చోటుంది. వినపడని తెలుగువాళ్ల కోసం ఒక్కటి తెలుగులో పెట్టకపోవడం నిజంగా అన్యాయం.