కుట్టు సరిగా రాకుండా నాటకం కాస్ట్యూమ్స్ విభాగంలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లొచ్చా?

యూనివర్సిటీ థియేటర్ కాస్ట్యూమ్స్ విభాగంలో ఇంటర్న్‌షిప్ వచ్చింది, గుండీ కుట్టడం తప్ప ఏమీ రాదు, చేరాలా వద్దా, చేరితే ఏం చేయిస్తారు, నాటకం చూడనిస్తారా అని అడిగారు. చదువుకునే రోజుల్లో నేనూ ఒక సెమిస్టర్ ఈ పని చేశాను. చేరండి. అసలు కుట్టు రానివాళ్లతో ఇబ్బంది లేదు. కొంచెం వచ్చి అంతా వచ్చనుకునేవాళ్లతోనే చిక్కు. నేను ఆ రెండో రకం.

అమ్మ దగ్గర మిషన్ నేర్చుకున్నాననే ధీమాతో వెళ్లాను. రెండో వారంలో ఒక పాత గౌను చేతికిచ్చి, పక్కన కుట్లు ఊడాయి, మళ్లీ వేయమన్నారు. తిరగేసి చూస్తే లోపల రెండు వైపులా అంగుళానికి పైగా బట్ట వేలాడుతోంది. ఎవరో బద్ధకస్తులు కుట్టారనుకున్నాను. కుట్టు వేసి, మిగిలిన బట్టంతా కత్తిరించి, అంచు పోగులు ఊడకుండా మిషన్ మీద ఓవర్‌లాక్ కూడా కొట్టి, ఇస్త్రీ చేసి మరీ తీసుకెళ్లి ఇచ్చాను. మా సూపర్‌వైజర్ గారు గౌను లోపలి వైపు చూసి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ముక్కలు ఉన్నాయా, పారేశావా?" అని మాత్రం అడిగారు. పారేశాను.

ఇంట్లో కుట్టుకునే బట్టలకి రెడీమేడ్ ప్యాటర్న్‌లలో, అంటే బట్ట కత్తిరించడానికి గీసి అమ్మే కాగితపు నమూనాల్లో, సాధారణంగా కుట్టు అవతల ఒకటిన్నర సెంటీమీటర్ మార్జిన్ ఉంటుంది. స్టేజి బట్టలకి పక్కల్లో, వీపు మధ్యలో అంగుళమో, ఇంకా ఎక్కువో వదులుతారు. ఎందుకంటే ఆ గౌను ఒకరిది కాదు. ఈసారి ఒకమ్మాయి వేసుకుంటుంది, ఇంకో రెండేళ్లకి వేరే నాటకంలో ఆమెకన్నా లావుగా ఉన్నమ్మాయి వేసుకుంటుంది. లోపల బట్ట ఉంటే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. నా అదృష్టం కొద్దీ రెండేళ్లు కూడా ఆగక్కర్లేకపోయింది. పది రోజులకే ఆ పాత్ర వేరే అమ్మాయికి మారింది. చంక దగ్గర్నుంచి నడుము దాకా రెండు వైపులా పట్టీలు అతికించాల్సి వచ్చింది. దానికి ముందు నేను కొట్టిన ఓవర్‌లాక్ నేనే విప్పుకున్నాను, ఒక సాయంత్రం మొత్తం. ఆ దారం ఎలా అల్లుకుంటుందో మిషన్ మీద కూర్చున్నప్పుడు కన్నా ఆ రోజే బాగా అర్థమైంది.

మీకూ మొదట్లో విప్పే పనే ఎక్కువ వస్తుంది. పాత కుట్లు విప్పడం, పాత పేర్ల లేబుళ్లు తీసి కొత్తవి కుట్టడం, హుక్కులు మార్చడం, ఇస్త్రీ. ఏ సీన్‌లో ఏ పాత్ర ఏం వేసుకుంటుందో ఒక పట్టిక ఉంటుంది. సాక్సులు, బెల్టు, చేతిరుమాలుతో సహా. దాన్ని బట్టీ పట్టేయండి. నటులు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే ఉంటుంది.

కొలతలు తీసేటప్పుడు ఒకరు టేపు పట్టుకుంటే ఇంకొకరు రాసుకుంటారు. ఛాతీ, నడుము మాత్రమే కాదు, భుజం మీద నుంచి కాళ్ల మధ్యగా వెనక్కి తిప్పి మళ్లీ అదే భుజం దాకా ఒక కొలత ఉంటుంది. అది తప్పితే వేసుకున్నవాళ్లు స్టేజి మీద కూర్చోలేరు. తల చుట్టుకొలత, చెప్పుల సైజు, ఉన్నికో లోహానికో ఎలర్జీ ఉందా అన్నదీ రాసుకోవాలి. టేపు వేసేముందు ఎక్కడ వేస్తున్నారో చెప్పండి. అంకె తప్ప ఇంకో మాట అనకండి. "సన్నగానే ఉన్నారే" అని మెచ్చుకోలుగా కూడా వద్దు. ఆ ఒక్క మాటకి ఒకబ్బాయి ముడుచుకుపోవడం నేను చూశాను.

రంగు అద్దే పని వస్తే వదులుకోకండి, చాలా సరదాగా ఉంటుంది. తెల్ల చొక్కా లైట్ల కింద కళ్లలో పొడిచినట్టు మెరుస్తుంది, అందుకే టీ డికాషన్‌లో ముంచి తెలుపు తగ్గిస్తారు. ఒకసారి తెల్ల కాటన్ చొక్కాకి ముదురు గోధుమరంగు అద్దితే బట్ట బాగానే పట్టింది కానీ కుట్లన్నీ తెల్లగా, చుక్కలు పెట్టినట్టు మిగిలిపోయాయి. దారం పాలిస్టర్ మరి, కాటన్ రంగు దానికి అంటదు. ఏ బట్టో తెలియకపోతే చిన్న పోగు తీసి, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని, పట్టకారుతో మంటకి చూపిస్తారు. కాటన్ కాగితంలా కాలి బూడిద అవుతుంది, పట్టు, ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తాయి, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది, టెన్షన్ పెట్టింది కూడా, తెర వెనక బట్టలు మార్చడం. మా నాటకంలో ఒక నటుడు సూటులో బయటికొచ్చి, 40 సెకన్లలో సైనికుడిగా మళ్లీ లోపలికి వెళ్లాలి. ఆ చొక్కాకి పైన కనిపించే గుండీలు ఉత్తుత్తివే, కింద ప్రెస్ బటన్లు. వెల్‌క్రో అయితే ఇంకా తేలిక, కానీ చర్రుమనే ఆ చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న సీన్‌లో ఆఖరి వరుస దాకా వినబడుతుంది. నేల మీద ముందు బూట్లు పెట్టి, ప్యాంటు కాళ్లని చుట్ట చుట్టినట్టు బూట్ల మీదికి దించి ఉంచుతాం. అతను రెండు కాళ్లూ అందులో దింపగానే పైకి లాగడమే. ప్యాంటు నాది, చొక్కా ఇంకో అమ్మాయిది, టోపీ అతనిదే. ఎవరి చెయ్యి ఎక్కడికి వెళ్లాలో స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రాక్టీస్ చేశాం. మొదటిసారి రెండు నిమిషాలు పట్టింది, నేను తొందరలో అతని లేసులు ఒకదానితో ఒకటి ముడేశాను కాబట్టి. తర్వాత లేసులు తీసేసి ఎలాస్టిక్ వేశారు.

చెమట వాసన గురించి ఎవరూ ముందుగా చెప్పరు, నేను చెప్తున్నాను. రోజూ ఉతకలేని కోట్లకి చంకల దగ్గర వోడ్కాలో నీళ్లు కలిపి స్ప్రే చేసి ఆరబెడతారు. వాసన పోతుంది, ఆల్కహాల్ ఆరిపోతుంది. నమ్మకపోతే మీ సూపర్‌వైజర్‌నే అడగండి.

ఒప్పుకునే ముందు మాత్రం ప్రదర్శనకి ముందు వారం ఎన్నింటిదాకా ఉండాలో, దీనికి క్రెడిట్లు ఇస్తారో లేదో కనుక్కోండి. ఆ వారం ఇంకే పరీక్షా పెట్టుకోకండి. వేళ్లు కనబడే చెప్పులు వేసుకెళ్లకండి, నేలంతా గుండుసూదులే ఉంటాయి.

ఇక నాటకం సంగతి. డ్రెస్ రిహార్సల్‌లో కాసేపు హాల్లో కూర్చోబెడతారు, బట్టలు లైట్ల కింద ఎలా ఉన్నాయో చూసి రాసుకోమని. ప్రదర్శన మొదలయ్యాక ఇక చూడటం ఉండదు, వినడమే. "తలుపు వేసి వెళ్లు" అనే డైలాగ్ వినబడగానే ప్యాంటు సరిచూసుకుని మోకాళ్ల మీద కూర్చునేదాన్ని. ఆ తలుపు ఎవరు వేశారో, ఎందుకు వేశారో నాకు ఇప్పటికీ తెలీదు.