పక్క స్థలం హద్దుల్లో దొరికే విలన్లు
(గేమ్స్ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం 'ఎల్డెన్ రింగ్' గురించే. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ల ఈ గేమ్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది, దాని అదనపు భాగం 2024 జూన్‌లో. ఇందులో కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. దొరికిన కత్తి మీద రెండు వాక్యాలు, కవచం మీద మూడు వాక్యాలు, అంతే. ఇంకా ఆడనివాళ్లు ఈ పేజీ దాచుకుని తర్వాత చదవండి, రహస్యాలన్నీ చెప్పేస్తున్నాను.

ప్రశ్న: దేవత మరికా కొడుకు గాడ్విన్ హత్య జరిగిన 'నల్ల కత్తుల రాత్రి' హంతకుల కత్తులకు మృత్యుశక్తి పట్టించింది తానేనని మంత్రగత్తె రన్నీ ఒప్పుకుంటుంది. తన ఒంటిని తాను వదిలించుకోవాలంటే మధ్యలో గాడ్విన్ ఎందుకు చావాలి? ఆ ముక్క ఎక్కడా చెప్పరేం?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: మంచి ప్రశ్న వేశావు తల్లీ. దీని మీద నా లాంగ్ నోట్‌బుక్‌లో పదకొండు పేజీలున్నాయి. ముందు నేను ఎలా వెతుకుతానో చెప్తాను.

నేను గుంటూరులో దస్తావేజులు రాస్తాను. పోయినేడు ఒక ఇంటి స్థలం కాగితాలు వచ్చాయి. లింకు డాక్యుమెంట్లలో మధ్యది ఒకటి లేదు. అమ్మేవాళ్లు ఒకటి చెబుతున్నారు, వాళ్ల బాబాయి ఇంకోటి చెబుతున్నాడు, ఇద్దరికీ ఆ స్థలం కావాలి. పక్కింటివాళ్లని బతిమాలి వాళ్ల పాత దస్తావేజు తెప్పించాను. మడతల దగ్గర చిరిగి, సిరా గోధుమ రంగుకి తిరిగిపోయింది. హద్దుల దగ్గర 'ఉత్తరం:' అన్న చోట ఒక పేరు, 'వారి ఖాళీ స్థలం' అని ఉంది. ఆ ఏడు స్థలం ఎవరి చేతిలో ఉందో తేలిపోయింది. ఆ వాక్యం రాసినవాడికి ఈ తగాదాతో సంబంధం లేదు, అబద్ధమాడాల్సిన పనీ లేదు. అందుకే నమ్మాను.

రన్నీ విషయంలోనూ అంతే. ఆమె మాటల్ని వాదిప్రతివాదుల మాటల్లా వినాలి. 'రెండు వేళ్లు' అనే దైవదూత చెప్పుచేతల్లో ఉండనన్నది, అందుకే మృత్యు రూన్ (చావు శక్తి ఉన్న మంత్రాక్షరం) ముక్క దొంగిలించి తన ఒంటిని చంపుకున్నానన్నది. తను చేసింది ఒప్పుకుంది, గాడ్విన్ ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు పక్క స్థలం కాగితం చూడు. లియూర్నియా ప్రాంతంలోని దివ్య గోపురం పైకెక్కితే కాలిపోయిన ఆమె ఒళ్లు పడి ఉంటుంది. దాని మీద దొరికే శాప ముద్ర వివరణ చదువు. ఆ రాత్రి రన్నీకి ఒళ్లు మాత్రమే పోయింది, మృత్యు యువరాజుకి (అంటే గాడ్విన్‌కి) ఆత్మ మాత్రమే పోయింది, అందువల్ల ముద్ర రెండు అర్ధ చక్రాలుగా విరిగింది అని ఉంటుంది. అంటే ఒక్క చావుని ఇద్దరు చెరిసగం పంచుకున్నారు. ఆమె ఆత్మ బొమ్మలోకి వెళ్లి బతికింది. అతని ఒళ్లు ఎర్డ్‌ట్రీ అనే మహావృక్షం వేళ్ల కింద చావకుండా పెరుగుతూనే ఉంది. స్టార్మ్‌వీల్ కోట అడుగుకి దిగితే నేలలోంచి పొడుచుకొచ్చిన ఆ పెద్ద ముఖం కనపడుతుంది. నేను మొదటిసారి దీపం పట్టుకుని వెళ్లి చూసి, ఆట ఆపేసి లేచి మంచినీళ్లు తాగొచ్చాను.

ఇక్కడిదాకా పెన్నుతో రాసుకున్నాను. దీని తర్వాతది పెన్సిల్ రాత: చావులో ఆత్మ సగం మోయడానికి సాటి దేవాంశ ఇంకొకరు కావాలి కాబట్టే గాడ్విన్. మరి అంతమందిలో అతనే ఎందుకు? నల్ల కత్తి హంతకుల కవచం మీద, వాళ్లందరూ ఆడవాళ్లేనని, మరికాకి దగ్గరివాళ్లైన న్యూమెన్ జాతివాళ్లని వదంతి ఉందని రాశారు. ఆ రూన్‌కి కాపలా ఉన్న మలికెత్ కూడా మరికాకి నీడలా ఉండే సేవకుడే. దీన్ని పట్టుకుని తల్లే కొడుకుని చంపించిందనేవాళ్లు చాలామంది. 'వదంతి' అన్న మాటను వాళ్లు దాటేసి చదువుతున్నారని నా అభియోగం. నా లెక్కలో ఆ రాత్రి రెండు పథకాలు కలిశాయి. రన్నీకి కావలసింది విడుదల, కత్తి పట్టిన ఆడవాళ్లకి కావలసింది వేరే ఏదో. ఒక్క విలన్‌నే వెతకడం వల్లే మనకి లెక్క తేలడం లేదు.

ప్రశ్న: మరికా పిల్లల్లో ఒకడైన మోగ్, ఇంకొకడైన మికెల్లాని ఎత్తుకుపోయిన దుర్మార్గుడని రెండేళ్లు తిట్టుకున్నాం. చివరికి అంతా మికెల్లా ఆడించిందే అన్నారు. మమ్మల్ని మోసం చేసినట్టు కాదా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదండీ. ఆధారం 2022లోనే మన సంచిలో ఉంది. శత్రువుల్ని కాసేపు మన వైపు తిప్పుకునే మాయకొమ్మ ఒకటుంది కదా, దాని వివరణ మళ్లీ తీసి చదవండి. మికెల్లాని ఎందరో ప్రేమిస్తారని, అలాంటి ప్రేమని బలవంతాన రప్పించడం అతనికి బాగా తెలుసని ఉంటుంది. మామూలు సరుకు అనుకుని నేనూ చదవకుండా డజను వాడేశాను. మోగ్‌ని ఓడించాక దొరికే 'స్మృతి' అనే వస్తువు వివరణ కూడా చూడండి. ఎంత పిలిచినా ఆ పిల్లవాడి నుంచి ఉలుకూ పలుకూ లేదని ఉంటుంది. ఎత్తుకొచ్చినవాడే వాకిట్లో నిలబడి పడిగాపులు పడుతున్నాడంటే ఎవరు ఎవరి చేతిలో ఉన్నట్టు? అదనపు భాగంలో మోగ్ పాత సేవకుడు ఆన్స్‌బాక్, మికెల్లాకి తోడుగా రాబోయే ప్రభువు ఆత్మకి ఒక ఒళ్లు కావాలన్న రహస్య క్రతువు చుట్టని చదివి విప్పుతాడు. ఆ ఒళ్లు మోగ్‌ది. అందులోకి వచ్చింది యోధుడు రడాన్. తన యజమాని శవానికి జరిగిన అవమానం తలుచుకుని ఆ ముసలాయన మాట్లాడే తీరు వింటే, మోగ్ మీద మొదటిసారి జాలేసింది నాకు.

అయితే రడాన్ విషయంలో మీ కోపం నాదీను. మికెల్లా కోరుకున్న తోడు రడానేనని మొదటి భాగంలో ఒక్క గట్టి ఆనవాలైనా ముందుగా పెట్టి ఉండాల్సింది. మోగ్‌కి పెట్టారు, దీనికి పెట్టలేదు.

ప్రశ్న: రన్నీ దగ్గర పనిచేసే మంత్రగాడు సెలూవిస్ ఏదో కుట్ర చేస్తున్నాడని తెలుస్తోంది కానీ అదేమిటో దొరకలేదు.
– ఇంటర్ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రన్నీ గోపురం దగ్గరి శిథిలాల్లో ఒకచోట నేల నిజం కాదు బాబూ, కత్తితో కొట్టు. కింద అతని బొమ్మల గది. మనుషుల్నే అలా మార్చాడు. చివరికి రన్నీని కూడా బొమ్మ చేయాలని చూస్తున్నాడు. నీకో మందు ఇచ్చి ఆమెకి పట్టించమంటాడు, పట్టించకు.

ప్రశ్న: కథ చెప్పకుండా దాచడం రాయడం చేతకాకేనని మా అన్నయ్య వాదన. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఈ గేమ్ దర్శకుడు హిడెటాకా మియజాకీ చిన్నప్పుడు తన చదువుకి మించిన ఇంగ్లీషు పుస్తకాలు తిరగేసేవాడట. అర్థం కాని చోట్ల బొమ్మలు చూసి కథ తనే అల్లుకునేవాడినని చెప్పుకున్నాడు. నాకా మాట వెంటనే పట్టేసింది. పదో తరగతి సెలవుల్లో విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టులో ఒక డిటెక్టివ్ నవల రూపాయికి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆఖరి ఎనిమిది పేజీలు లేవు. ఆ వేసవంతా మేడ మీద పడుకుని హంతకుడు ఎవరా అని మొదటి నుంచి మళ్లీ మళ్లీ చదివాను. వంటమనిషి తలుపు గడియ గురించి చెప్పిన ఒక్క మాట నాలుగోసారి చదివినప్పుడు గానీ కళ్లబడలేదు. గడియ లోపలి వైపు ఉందంది. తను వంటగది దాటలేదని అంతకుముందే చెప్పింది.

మీ అన్నయ్యని ఒకసారి ఆ మాయకొమ్మ వివరణ చదవమనండి. చదివాక ఏమన్నారో రాయండి, వచ్చే నెల వేస్తాను.